బందరు తీరమున నిలిచిన పేళ్లు

చరిత్రప్రసిద్ధమైన పట్టణమును చూడబోవువారు సాధారణముగా కట్టడములను వెదకుదురు. కోటగోడలు, గోపురములు, శిలాశాసనములు కన్నులకు గోచరించినచో తమ ప్రయాణము సఫలమైనదని తలంతురు. అట్టివారు కృష్ణా జిల్లాకు ముఖ్యస్థానమగు మచిలీపట్టణమునకు, అనగా జనవ్యవహారమున బందరునకు, వచ్చినయెడల తొలిదినముననే కొంత నిరుత్సాహము పొందుట సహజము. గోలకొండ సుల్తానులకు ముఖ్యమైన రేవు, ఐరోపాఖండపు వర్తకులు మువ్వురు పోటీపడి కొలువుదీరిన తావు, రెండువేల యేండ్ల వర్తకచరిత్రము గల తీరము అని విని వచ్చినవారికి ఇచ్చట దొరకునవి కొన్ని సమాధులు, శిథిలమైన కొన్ని కోటగదులు, నల్లని యొండ్రుతో కూడిన సముద్రతీరము మాత్రమే.

దీనికి కారణము దుర్గ్రాహ్యము కాదు. ఈ భూమి నదీమాతృకము. కృష్ణ తెచ్చిపోసిన మన్నుతో ఏర్పడినది. ఇందు కొండ లేదు, రాయి లేదు. రాయి కావలెనన్న దూరమునుండి తేవలెను. 17వ శతాబ్దిమధ్యమున ఈ పట్టణమును చూచిన టావెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు ఇచ్చటి యిండ్లు కొయ్యతో కట్టినవని వ్రాసెను. కొయ్యయిల్లు ఎన్నాళ్లు నిలుచును? ఇటుకగోడ ఉప్పుగాలికి ఎన్నాళ్లు ఓర్చును? వీనికి తోడు సముద్రము అప్పుడప్పుడు గట్టుదాటి వచ్చి ఉన్నదంతయు ఊడ్చుకొనిపోవుచుండెను. కావున ఈ తీరమున కట్టడములు చరిత్రమునకు ముఖ్యసాక్షులు కాజాలవు.

అయినను సాక్షులు లేకపోలేదు. నది మోయలేనిది, ఉప్పెన ముంచలేనిది ఒకటి ఇచ్చట మిగిలియున్నది. అది పేరు. ఊళ్లపేళ్లు, పేటలపేళ్లు, దేవునిపేళ్లు ఈ తీరమున శాసనములకు సాటివచ్చుచున్నవి. ఈ వ్యాసమున నేను చేయబూనినది, బందరును దాని చుట్టుప్రక్కల తీరమును చూడబోవువారికి ఆ పేళ్లను చదువు మార్గము చూపుటయే.

పేళ్లను చదువుట సులభమని తోచును గాని, అందు ప్రమాదము మెండు. చెవికింపైన వ్యుత్పత్తి సర్వదా సత్యము కాదు. కావున మూడు నియమములను ముందుగా చెప్పికొందము. మొదటిది: నేటి రూపమును పట్టుకొని వ్యుత్పత్తి చెప్పరాదు, దొరకినంతలో ప్రాచీనతమమైన రూపమును వెదకవలెను. రెండవది: ప్రాచీనరూపమునుండి నవీనరూపము వచ్చుటకు భాషయందు దృష్టమైన వర్ణమార్పు కారణముగా చూపవలెను. మూడవది: శబ్దము ఒప్పుకొన్నను భూమి ఒప్పుకొనవలెను. అనగా ఆ పేరు చెప్పు అర్థము ఆ తావునకు, ఆ కాలమునకు పొసగవలెను. ఈ మూడును కూడినచో పేరు ప్రమాణమగును, లేనిచో కథయగును. కథయును వినదగినదే, కాని దానిని కథగానే వినవలెను.

పట్టణనామము

మొదట పట్టణముపేరే చూతము. మచిలీపట్టణమనగా చేపలపట్టణమని అందరును చెప్పుదురు. సంస్కృతమున మత్స్యశబ్దము, ప్రాకృతమున మచ్ఛ, హిందూస్థానీయమున మఛలీ. వర్ణమార్పు సక్రమముగానే యున్నది; సముద్రతీరమున చేపలుండుటయు సత్యమే. రెండవ, మూడవ నియమములు తీరినవి. మొదటి నియమము మాత్రము తీరలేదు. ఏలయన హిందూస్థానీభాష ఈ తీరమునకు వచ్చుటకు అనేకశతాబ్దులకు పూర్వమే ఈ దేశమునకు ఇట్టిపేరొకటి కలదు.

క్రీస్తుశకము మొదటి శతాబ్దికి చెందిన పెరిప్లస్ అను గ్రీకు నౌకాయానగ్రంథమున తూర్పుతీరమునందలి మసాలియా అను దేశము పేర్కొనబడినది. అది తీరమువెంట చాలదూరము వ్యాపించియున్నదనియు, అచ్చట సన్నని నూలువస్త్రములు విస్తారముగా నేయబడుచున్నవనియు ఆ గ్రంథకర్త చెప్పెను. రెండవ శతాబ్దివాడగు టాలమీ అను భూగోళశాస్త్రజ్ఞుడు ఆ దేశమును మైసోలియా అనియు, అందలి నదిని మైసోలోస్ అనియు వ్యవహరించెను. 17వ శతాబ్దియందలి ఐరోపీయుల వ్రాతలలో ఈ రేవు మసూలిపటము. ఈ మూడురూపములను ప్రక్కప్రక్కన నిలిపి చూడుడు. అచ్చులు మారినవి గాని, మకార సకార లకారములు మూడును వరుస తప్పక నిలిచినవి. చకారము ఎచ్చటను లేదు. అది చేపను తలచుకొనిన తరువాతనే వచ్చినట్లు కానవచ్చుచున్నది. అర్థము తెలియని ప్రాచీనపదమును అర్థము తెలిసిన పదముగా మలచుకొనుట జనుల స్వభావము. మసూలి యనగా నేమో తెలియనివారికి మఛలీ సుగమమైనది. పట్టణద్వారమున మత్స్యనేత్రములు అలంకరింపబడియుండెనను ఐతిహ్యము పేరు మారిన పిమ్మట పుట్టినదే యని తలచెదను.

ఇట్లే మస్లిన్ అను వస్త్రనామము ఈ మసూలిశబ్దమునుండి పుట్టినదని కొందరు అభిమానముతో చెప్పుదురు. ఆ శబ్దము ఇరాకు దేశమునందలి మోసూల్ నగరమునకు సంబంధించినదని నిఘంటుకారుల నిర్ణయము. మన తీరమునకు నిజమైన కీర్తి చాలినంత గలదు, పరులసొమ్ము అక్కరలేదు.

పట్టణశబ్దము సంస్కృతమున పత్తనము. కౌటిల్యుని అర్థశాస్త్రమున నావధ్యక్షప్రకరణమునందు పత్తనాధ్యక్షుని ప్రస్తావము కలదు. పణ్యములు దిగు రేవుల మర్యాదలను అతడు ఏర్పరుపగా నావధ్యక్షుడు పాలింపవలెనని అచ్చటి విధి. దీనినిబట్టి పత్తనమనగా కేవలము పెద్ద ఊరు కాదు, సరకు దిగు తావు అని స్పష్టము. ఇక బందరు అనునది పారసీకశబ్దము. రేవు అని అర్థము. రేవు తెలుగు. కావున మనవారు బందరు రేవు అనునప్పుడు రేవు రేవు అని రెండుమార్లు పలుకుచున్నారు. దీనిని పునరుక్తిదోషమని నిందింపరాదు. సంస్కృతము, పారసీకము, తెలుగు అను మూడు భాషలవారును ఈ తావును చూచి ఒక్కమాటనే పలికిరని గ్రహింపవలెను. మూడును సరకు దిగు తావనియే చెప్పుచున్నవి.

పురవీథులు

ఇప్పుడు పట్టణములోనికి పోదము. చూడబోవువారు మొదట అడుగవలసిన త్రోవ వలందపాలెమునకు. ఈ వలందశబ్దము హాలెండు దేశవాచి. హకారము లోపింపగా ఒలంద, పిమ్మట వలంద. తెలుగున పదాదియందలి ఒకారమును వకారముతో చేర్చి పలుకుట సర్వజనవిదితము. డచ్చివారు 1605 ప్రాంతమున ఈ పట్టణమున వర్తకస్థానము నెలకొల్పి తుదకు 1825లో దానిని ఆంగ్లేయులకు అప్పగించిరి. వారి గిడ్డంగులు నేడు లేవు. వారి సమాధులు కలవు. పురావస్తుశాఖవారి రక్షణమునందున్న డచ్చి శ్మశానవాటికలో పెద్ద రాతిపలకలమీద వంశచిహ్నములు, డచ్చిభాషలో వ్రాతలు చక్కగా చెక్కబడి యున్నవి. రాయి లేని దేశమున ఆ రాతిపలకలు నిలిచియుండుట చూడదగిన వింత.

అటుపిమ్మట పరాసుపేట. ఫ్రెంచివారిని మన పూర్వులు పరాసులనిరి. తెలుగుపలుకుబడిలో ఫకారము పకారమగుట సహజము. వారు 1669లో వచ్చిరి. 1750లో పట్టణమును స్వాధీనపరచుకొని తొమ్మిదియేండ్లు ఏలిరి. 1759 ఏప్రిలున కర్నల్ ఫోర్డు నాయకత్వమున ఆంగ్లేయసేన రాత్రివేళ కోటపై పడి జయించెను. ఆ దెబ్బతో ఉత్తర సర్కారులయందు ఫ్రెంచివారి ప్రాబల్యము ముగిసెను. ఇంగ్లీషుపాలెము మూడవది. ఆంగ్లేయుల గ్లోబు అను నౌక 1611లో ఈ తీరమునకు వచ్చెను. చెన్నపట్టణము పుట్టుటకు సుమారు 30 యేండ్ల పూర్వమే ఆంగ్లేయుల తూర్పుతీరపు వర్తకము ఇచ్చట నాటుకొనెను. ఈ మూడు జాతుల వైరములు పెద్ద గ్రంథములకు ఎక్కినవి. బందరు పౌరులకు మాత్రము అవి మూడు పేటలపేళ్లై, నిత్యము ఒకదానినుండి మరియొకదానికి నడచిపోవు వీథులై నిలిచినవి.

వీరందరును ఇచ్చటికి ఏల వచ్చిరి? రేవు లోతు చూచి కాదు. పెద్ద నౌకలు ఒడ్డునకు రాలేక మైళ్ల దూరమున లంగరు దించవలసివచ్చెడిది. సరకు చిన్నపడవలమీద కాలువనోటిగుండ రాకపోకలు చేసెడిది. అయినను పెగు, సయాము, అరకాను, సుమత్రా, మక్కా, ఓర్ముజు మొదలగు తావులకు నౌకలు ఇచ్చటినుండి పోవుచుండెనని టావెర్నియే చెప్పుచున్నాడు. వారిని రప్పించినది వెనుకనున్న నేల, ఆ నేలమీది నేతపని, అద్దకపుపని. ఈ డెల్టాయందలి ఇసుకనేలలలో మొలచు చిరివేరు అను మొక్కవేరు వస్త్రమునకు మాయని ఎఱ్ఱరంగు నిచ్చెడిది. కరక్కాయ నీటిలో ముంచి, పటికతో అచ్చువేసి, చిరివేరుతో కాచినయెడల పటిక తగిలినచోటనే ఎఱుపు నిలుచును. తక్కినచోట ఉదికిన పోవును. ఈ కలంకారీ విద్య పట్టణమునకు సమీపమునందున్న పెడనలో నేటికిని జీవించియున్నది. చెక్కయచ్చులు చెక్కువారిని, అద్దువారిని, కాలువలో ఉదుకువారిని అచ్చట చూడవచ్చును. యాత్రికులు ఒకపూట పెడనకు కేటాయించుట మేలు. పెరిప్లస్ గ్రంథకర్త చెప్పిన మసాలియా వస్త్రములకు జ్ఞాపకము నేడు ఈ చేతులలోనే కలదు.

రేవు క్షీణించిన పిమ్మటను పట్టణము నిస్తేజము కాలేదు. 1902లో కృష్ణాపత్రిక ఇచ్చటనే పుట్టెను. 1923లో ఆంధ్రాబ్యాంకు ఇచ్చటనే స్థాపింపబడెను. సరకులు పోయిన రేవునుండి అక్షరములు బయలుదేరినవి. అయినను అది వేరొక వ్యాసమునకు తగిన విషయము గాన తీరమునకు మరలెదను.

కోట, ఉప్పెన

పట్టణమునుండి ఆగ్నేయముగా కొంతదూరము పోయిన బందరుకోట. ఇప్పుడది ఒక గ్రామనామము. శిథిలభవనములు కొన్ని పొదల నడుమ నిలిచియున్నవి. దానికి చేరువనే గిలకలదిండియందు పడవలరేవు కలదు. వేకువజామున పడవలు వచ్చువేళ అచ్చటికి పోయినచో, పూర్వపు రేవు ఎట్లు పనిచేసెడిదో కొంతవరకు ఊహింపవచ్చును. సముద్రము ఎదుట కానరాదు. కాలువ మాత్రమే కానవచ్చును. ఆ కాలువనోటి యిసుకమేట, నీటి ఆటుపోటులు, పడవవాని అనుభవము, ఈ మూడింటిమీదనే నాటి గోలకొండ వర్తకమంతయు ఆధారపడియుండెను.

1864 నవంబరు 1వ తేదీని ఈ తావున జరిగినదానిని తెలిసికొని మఱి కోటలో అడుగుపెట్టవలెను. ఆ రాత్రి తుపానుతో కూడ సుమారు 13 అడుగుల ఎత్తున సముద్రజలము భూమిమీదికి వచ్చెను. పట్టణమునను చుట్టుప్రక్కల గ్రామములందును కలిసి సుమారు 30,000 మంది మరణించిరని లెక్క. డచ్చి సమాధులమీద ఒక్కొక్కరికి ఒక్కొక్క రాతిపలక కలదు; ఈ ముప్పదివేల మందిలో మిక్కిలి పెక్కండ్రకు పేరైన మిగులలేదు. పేళ్లను గురించి వ్రాయుచున్న నాకు ఈ తీరమున మిక్కిలి బాధాకరమైన సంగతి ఇదియే. నిలిచిన పేళ్లను మనము ప్రీతితో చదువునప్పుడు, నిలువని పేళ్ల సంఖ్యను మరువరాదు.

నల్లని తీరము

సముద్రమును బయలుగా చూడగోరువారు మంగినపూడికి పోవుదురు. పట్టణమునుండి సుమారు 11 కిలోమీటరులు. త్రోవలో చిలకలపూడియందలి పాండురంగస్వామి యాలయము కలదు. కార్తికపూర్ణిమనాడు జనులు వేలకొలది ఆ స్వామిని సేవించి మంగినపూడి సముద్రమున స్నానము చేయుదురు. తెల్లని యిసుకను ఊహించి వచ్చినవారికి ఇచ్చటి నేల నల్లగా, మెత్తగా కానవచ్చును. కృష్ణ మహాబలేశ్వరమున పుట్టి దక్కను పీఠభూమి నల్లరేగడిగుండ ప్రవహించి వచ్చుచున్నది. ఆ మన్నే ఇచ్చట పాదములకు తగులుచున్నది. నైరృతిఋతుపవనకాలమున తీరప్రవాహము నదీముఖములనుండి ఉత్తరమునకు మన్నును, ఇసుకను మోసికొనివచ్చును. బందరు ఆ ముఖములకు ఉత్తరమున నుండుటచే ఆ భారము దీనిపై పడినది. నేల నిచ్చిన నదియే రేవును పూడ్చినది. ఒకే కారణమునుండి సంపదయు క్షయమును వచ్చినవి.

ఇచ్చట పై నియమములకు పరీక్షగా ఒక పదము చెప్పెదను. మంగినపూడి, చిలకలపూడి, తపసిపూడి అని ఈ తీరమున పూడి యంతమునగల ఊళ్లు పెక్కు. రేవు పూడిపోయిన దేశమున పూడి అను ఊరిపేరు వినగానే, పూడుధాతువునుండి వచ్చినదని, మేటవేసిన నేల యని చెప్పవలెనని నాలుక ఉవ్విళ్లూరును. భూమియు దానికి ఒప్పుకొనుచున్నది. కాని గుమ్మిడిపూండి మొదలగు పేళ్లలో అనునాసికముతో కూడిన పూండిరూపము నేటికిని నిలిచియున్నది. ఆ బిందువు క్రమముగా తేలి, లోపించి, పూడి యైనట్లు తోచుచున్నది. పూడుధాతువునందు అట్టి బిందువు లేదు. అదియునుగాక పూడి యంతమునగల ఊళ్లు సముద్రమునకు దూరమునను కలవు. కావున మిక్కిలి ఇంపైన ఈ వ్యుత్పత్తిని నేను విడిచిపెట్టుచున్నాను. చదువరులును ఇట్టివానియెడ మనసును బిగబట్టుకొనవలెను.

ఘంటసాల

బందరునకు పడమర సుమారు 20 కిలోమీటరుల దూరమున ఘంటసాల కలదు. తీరయాత్రలో తీరము విడిచి లోనికి పోవుట ఏల యని శంకింపవచ్చును. ఒకనాడు తీరవర్తకము ఇచ్చటికి వచ్చెడిది గాన. టాలమీ మైసోలియా దేశమున కంటకొస్సిల అను వర్తకస్థానమును పేర్కొనెను. నాగార్జునకొండయందు ఇక్ష్వాకు వీరపురుషదత్తుని కాలమునాటి ప్రాకృతశాసనమున కంటకసేల మహాచైత్యము పేర్కొనబడినది. ఈ రెండును ఘంటసాలయే యని పండితుల నిర్ణయము. సంస్కృతమున కంటకశైలము. ప్రాకృతమున ఐకారము ఏకారమగును, శకారము సకారమగును; కావున కంటకసేల. అచ్చుల నడుమనున్న కకారము ప్రాకృతమున లోపించును, కావున కంటసేల. తుదకు తెలుగువారు ఆ శబ్దమునకు అర్థము కానక, గంటలు మ్రోగు శాలగా భావించి ఘంటసాల యనిరి. మచిలీపట్టణమున చేప వచ్చినట్లే ఇచ్చట గంట వచ్చినది. కొండ లేని దేశమున శైలశబ్దమేల యన్నచో, ఆంధ్రదేశమున పూర్వశైల, అపరశైలాది బౌద్ధశాఖలు ప్రసిద్ధములు గాన ఆ సంప్రదాయమునుండి అది వచ్చియుండునని నా యూహ.

ఘంటసాలయందలి స్తూపశిథిలములు అమరావతీశిల్పమునకు సోదరములు. కొన్ని శిల్పములు పారిసు నగరమునందలి గిమే ప్రదర్శనశాలకు చేరినవి; కొన్ని గ్రామమునందలి ప్రదర్శనశాలలో కలవు. ఇచ్చటి ప్రాకృతశాసనములలో ఒకదానియందు శివకుడను మహానావికుని పేరు కలదు. రాజు కాడు, మంత్రి కాడు, ఓడ నడుపువాడు. సముద్రమును ఎదిరించి జీవించినవారిలో పేరు నిలుపుకొనిన అదృష్టవంతులలో ఇతడొకడు. ఆ గ్రామమునందే శివాలయమున వెలసియున్న స్వామికి జలధీశ్వరుడని పేరు. జలధికి ఈశ్వరుడు. నేడు ఆ స్వామి గర్భగృహమునుండి సముద్రపుహోరు వినరాదు, చుట్టును వరిచేలు. స్వామిపేరు మాత్రము సముద్రమును వదలలేదు. తీరము క్రమముగా తూర్పునకు జరిగినదని భూశాస్త్రజ్ఞులు పాత యిసుకదిబ్బల వరుసలనుబట్టి చెప్పుచున్నారు. అదే సంగతిని ఈ దేవుడు ఒక్క నామముతో చెప్పుచున్నాడు.

టాలమీ చెప్పిన కొడ్డూర యను మరియొక తావునుగూర్చి ఒకమాట. శబ్దమును మాత్రమే చూచినచో దివిసీమయందలి కోడూరు చెవికి తోచును. కాని కోడూరు డెల్టాకు కొనయందు, నవీనముగా ఏర్పడిన నేలలో నున్నది. రెండువేల యేండ్లక్రింద అచ్చట నేలయున్నదా యని మొదట ప్రశ్నింపవలెను. కొందరు పండితులు బందరునకు వాయవ్యమునందున్న గూడూరును కొడ్డూరగా గుర్తించిరి. ఇచ్చట వర్ణసామ్యము కొంత తగ్గినను భూమి ఒప్పుకొనుచున్నది. మూడవ నియమమునకు గల బలము దీనివలన తెలియును.

ఘంటసాలకు పోయినవారు కృష్ణయొడ్డుననే యున్న శ్రీకాకుళమునకును పోవలెను. ఆంధ్రమహావిష్ణువు వెలసిన క్షేత్రమిది. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదను రచింప స్వామి స్వప్నమున ఆనతిచ్చినది ఇచ్చటనే. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయకశతకమును ఈ స్వామికే యంకితము చేసెను. దేశనామమును దేవుడు ధరించిన ఈ తావు తెలుగుభాషాభిమానులకు యాత్రాస్థలము.

దివిసీమ, హంసలదీవి

పులిగడ్డయొద్ద కృష్ణ రెండుపాయలై చీలి సముద్రమును చేరును. నడుమనున్నది దివిసీమ. వైయాకరణులకు ఈ పేరు పరమప్రీతికరము. ద్వీపశబ్దమున ద్విశబ్దము, జలవాచియగు అప్ శబ్దము కలవు. ద్విశబ్దమునకు పరమైన అప్ శబ్దమునందలి అకారమునకు పాణిని ఈకారమును విధించెను. ఇరుప్రక్కల నీరు గలది ద్వీపము. ప్రాకృతమున వకారము లోపించి, పకారము వకారమై, దీవ యగును. తెలుగున దీవి. దివిసీమయందు నిలిచి చూచినచో ఇరుప్రక్కల నీరను అవయవార్థము కన్నులయెదుట కానవచ్చును. ఒకప్రక్క ఒకపాయ, మరియొకప్రక్క వేరొకపాయ, ముందు సముద్రము. శాస్త్రము చెప్పిన విగ్రహవాక్యము భూమిమీద వ్రాయబడినట్లున్నది. వినినవెంటనే స్వర్గవాచియగు దివిశబ్దము స్ఫురించును గాని, ఇచ్చట దానికి ప్రసక్తి లేదు.

ఆ సీమకు కొనయందున్నది హంసలదీవి. హంసశబ్దము తత్సమము, దీవి తద్భవము, షష్ఠీసమాసము. వేణుగోపాలస్వామి యాలయము, దానికి కొంతదూరమున సాగరసంగమము కలవు. స్థలపురాణము రమణీయమైనది. పాపులు మునిగి విడిచిన పాపములచే గంగ నల్లబడి కాకియై తీర్థములన్నియు తిరిగి, ఈ సంగమమున మునుగగానే హంసయయ్యెనట. మాఘపూర్ణిమనాడు జనులు ఇచ్చట స్నానము చేయుదురు. సంగమస్థలమున నిలిచి చూచినయెడల నదీజలము, సముద్రజలము వేర్వేరు వర్ణములతో కలియుచుండుట కానవచ్చును. వర్ణము మారుటనుగూర్చిన కథ ఈ తావుననే ఏల పుట్టినదో అప్పుడు తెలియును.

ఈ ప్రాంతమున నదీముఖములవెంట మడయడవులు వ్యాపించియున్నవి. ఉప్పునీటిలో వేళ్లూని, ఒండ్రును పట్టి నిలుపుచు, అలలవేగమును తగ్గించు ఈ చెట్లు తీరమునకు ప్రాకారము వంటివి. 1977 నవంబరు 19వ తేదీని ఈ దివిసీమపై వచ్చిన ఉప్పెనలో పదివేలమందికి పైగా మరణించిరి. అవనిగడ్డ సమీపమున, ఆ ఉప్పెనకెరటము ఎంతవరకు వచ్చి ఆగెనో ఆ చోట, ఒక స్మారకము నిలుపబడినది. సముద్రమును చూడవచ్చినవారు ఆ స్మారకమునొద్దనుండి సముద్రమువరకు గల దూరమును ఒకసారి మనసున కొలుచుకొనవలెను. 1864లోను 1977లోను ఆపద వచ్చినది నవంబరు మాసముననే. కావున యాత్రకు తుపానులకాలము గడచిన పిమ్మట, పుష్యమాఘమాసములు ఉచితములు. పట్టణమునకు, పెడనకు ఒకదినము, కోటకు, మంగినపూడికి ఒకదినము, ఘంటసాలకు, శ్రీకాకుళమునకు ఒకదినము, దివిసీమకు ఒకదినము. ఇట్లు నాలుగుదినములు చాలును.

కర్తవ్యము

ఇంతవరకు చెప్పినదానివలన ఈ తీరము స్థిరమైనది కాదని స్పష్టము. పూర్వము నది తెచ్చు మన్నుతో నేల ముందుకు పెరిగినది. ఎగువన ఆనకట్టలు వెలసి మన్ను వాని వెనుక నిలిచిపోవుటచే ఇప్పుడు పెక్కుచోట్ల సముద్రమే నేలను కోయుచున్నది. 2023లో తపసిపూడియొద్ద నూతన నౌకాశ్రయనిర్మాణమునకు శంకుస్థాపన జరిగెను. రేవు మరల వచ్చుట ఎల్లరకును సంతోషకరమే. మసాలియాకు వచ్చిన నౌకలు మరల వచ్చినచో కాదను తెలుగువాడు ఎవడు? కాని గోడలు లేచునప్పుడు, కాలువలు మరలింపబడునప్పుడు, గుడిసెలు తరలింపబడునప్పుడు మొట్టమొదట పోవునవి చిన్నపేళ్లు. వలందపాలెము వంటి పెద్దపేళ్లకు భయము లేదు. అవి కాగితములకు ఎక్కినవి. ఏ మొగకు ఏమి పేరు, ఏ యిసుకమేటను ఏమందురు, ఏ గాలిని ఏ పేర పిలుతురు, సముద్రముమీదనుండి ఏ చెట్టును గురుతుపెట్టుకొని రేవునకు మరలుదురు, ఇవి కాగితములకు ఎక్కలేదు. పల్లెకారులనోట మాత్రమే కలవు.

ప్రాచీనశాసనములను అచ్చొత్తించుటకు మనము చేసిన కృషి ప్రశంసనీయము. దానిలో పదవవంతైన ఈ నోటిమాటలకై చేయుట అవశ్యము. కావున ఈ తీరమును చూడబోవు సాహిత్యాభిమానులకు నా విన్నపము ఒక్కటి. బందరునకు పోవునప్పుడు ఒక చిన్నపుస్తకము వెంటనుంచుకొనుడు. గిలకలదిండియందు, మంగినపూడియందు, హంసలదీవియందు వయసుమళ్లిన పడవవారిని మర్యాదగా పలుకరించి, వారు చెప్పిన పేరును వారు పలికిన యుచ్చారణముతోనే వ్రాసికొనుడు. సంస్కృతరూపమునకు దిద్దకుడు, అర్థము తెలియకున్నను కొట్టివేయకుడు. మన పూర్వులు అర్థము తెలియని మసూలిని చేపగా, కంటకసేలను గంటగా దిద్దిరి. గ్రీకువాడు, శాసనకారుడు విన్నది విన్నట్లు వ్రాసినందుననే వాని ప్రాచీనరూపములు నేడు మనకు దక్కినవి. ఆ విధముననే విన్నది విన్నట్లు వ్రాయుట మనకును కర్తవ్యము.